పెద్ద ప్రాజెక్ట్‌కి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి: కరెంటు బిల్లింగ్ ఉదాహరణతో

మీ టీమ్‌కి పెద్ద ప్రాజెక్ట్ వచ్చింది, డేటాబేస్ కోసం ఏయే సాఫ్ట్‌వేర్ వాడాలో తేల్చే పని మీ మీద పడింది అనుకుందాం. ఇలాంటప్పుడు చాలామంది నాలుగు కంపెనీల వాళ్లని పిలిచి డెమోలు చూస్తారు, ఎక్సెల్ షీట్‌లో ఫీచర్లన్నీ రాసి టిక్కులు పెడతారు, ఎక్కువ టిక్కులు వచ్చినదాన్ని కొనేస్తారు. డెమోలో అన్నీ బాగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ డేటాబేస్‌లో పది టేబుల్స్, వెయ్యి రికార్డులు ఉంటాయి, వాటిని ఎవరూ మార్చరు. మీ ప్రాజెక్ట్‌లో టేబుల్స్ వారం వారం మారతాయి, ఒక్కో టేబుల్‌లో కోట్ల రికార్డులు చేరతాయి, ముప్పై నలభై మంది డెవలపర్లు ఒకే స్కీమా (టేబుల్స్ అమరిక) మీద పనిచేస్తారు. అందుకే నేను ఎవరు అడిగినా చెప్పేది ఇదే: నడుస్తున్న సిస్టమ్‌లో టేబుల్‌ని మార్చడం ఎంత సురక్షితం, పోయిన డేటాని వెనక్కి తేవడం ఎంత ఖాయం, ముందు ఈ రెండూ చూడండి. మిగతావన్నీ తర్వాత.

మాట గాల్లో ఉండకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. ఒక కరెంటు పంపిణీ సంస్థకి కొత్త బిల్లింగ్ సిస్టమ్ కడుతున్నారు. 60 లక్షల సర్వీసులు (కరెంటు కనెక్షన్లు), ఒక్కోదానికి నెలకో బిల్లు, అంటే ఏడాదికి 7.2 కోట్ల బిల్లులు, పదేళ్లు ఉంచితే 72 కోట్లు. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు, మీ అంకెలు మీరు వేసుకోండి. రీడింగ్ తీసే రోజుల్లో స్పాట్ బిల్లింగ్ మెషీన్ల నుంచి డేటా వరదలా వస్తుంది, గడువు తేదీ దగ్గరపడితే యూపీఐ చెల్లింపులు వచ్చిపడతాయి, టారిఫ్ ఆర్డర్ వస్తే స్లాబులు మారతాయి, సబ్సిడీ నిబంధనలు మధ్యలో ఎప్పుడైనా మారతాయి. వినియోగదారుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులోనూ ఉండాలి.

1. సాఫ్ట్‌వేర్ పేరు ఎత్తకముందే ఒక పేజీ రాయండి

ఈ పేజీలో ఉండాల్సినవి: మొదటి రోజు డేటా ఎంత, ఐదేళ్లకి ఎంత, రద్దీ రోజున సెకనుకి ఎన్ని రాతలు, ఎన్ని చదువులు, సిస్టమ్ ఆగిపోతే ఎన్ని నిమిషాలు ఓర్చుకోగలరు, ప్రమాదం జరిగితే ఎన్ని నిమిషాల డేటా పోయినా పరవాలేదు. చివరి ప్రశ్నకి "ఒక్క నిమిషం కూడా పోకూడదు" అని క్లయింట్ చెబుతాడు, అందరూ అదే చెబుతారు. దానికయ్యే ఖర్చు పక్కన రాసి మళ్లీ అడగండి, అసలు జవాబు అప్పుడు వస్తుంది. బిల్లింగ్ ఉదాహరణలో చెల్లింపుల డేటా ఒక్క రికార్డు కూడా పోకూడదు, రీడింగులు మాత్రం మెషీన్‌లో ఇంకా ఉంటాయి కాబట్టి మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఒకే సిస్టమ్‌లో రెండు రకాల జవాబులు ఉండొచ్చని దీన్ని బట్టి తెలుస్తుంది.

డేటా ఎక్కడ ఉండాలో కూడా ఇక్కడే తేల్చండి. చెల్లింపుల డేటా మన దేశంలోనే ఉంచాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో చెప్పింది, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, కాబట్టి లీగల్ వాళ్లని మొదటి వారంలోనే కూర్చోబెట్టండి. క్లౌడ్ అనుకుంటే అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్‌కి ముంబైతో పాటు 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్ (డేటా సెంటర్ల కేంద్రం) ఉంది. అయితే మీకు కావాల్సిన డేటాబేస్ సర్వీసు, కావాల్సిన వెర్షన్ ఆ రీజియన్‌లో దొరుకుతుందో లేదో విడిగా చూసుకోవాలి.

2. దేన్ని ముందు ఎంచుకోవాలో వరస పెట్టుకోండి

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అని ఒకే మాటగా అంటాం కానీ అందులో చాలా ఉన్నాయి: అసలు డేటాబేస్ ఇంజన్ (డేటాని దాచి, అడిగితే ఇచ్చేది), స్కీమా మార్పులని నడిపే టూల్, బ్యాకప్ టూల్, టెస్టింగ్, మానిటరింగ్, టేబుల్ డిజైన్ బొమ్మలు గీసేది, డెవలపర్ రోజూ క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) రాసుకునేది. ఇంజన్ మార్చడం ఏళ్ల పని. అమెజాన్ తన సొంత అవసరాలకి వాడుతున్న ఒరాకిల్ డేటాబేసులు దాదాపు 7,500 నుంచి 75 పెటాబైట్ల డేటాని బయటికి తెచ్చే పని 2019లో పూర్తయిందని ప్రకటించింది, అంత పెద్ద కంపెనీకే అది ఏళ్ల తరబడి సాగింది. క్వెరీ రాసుకునే టూల్ మార్చడం ఒక మధ్యాహ్నం పని. కానీ మీటింగుల్లో ఎక్కువసేపు వాదన జరిగేది ఆ టూల్ మీదే, ఎందుకంటే అందరికీ కళ్లకి కనిపించేది అదే. మీరు వరస మార్చండి: ఇంజన్, ఆ వెంటనే స్కీమా మార్పుల టూల్, బ్యాకప్, మిగతావి ఆ తర్వాత.

3. ఇంజన్: రెండింటికి కుదించండి

డబ్బు లెక్కలు, సంబంధాలు, రిపోర్టులు ఉన్న సిస్టమ్ అయితే రిలేషనల్ డేటాబేసే (ఒకదానితో ఒకటి ముడిపడిన టేబుల్స్‌లో డేటా ఉంచేది) కావాలి. అంటే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్, ఈ నాలుగే ప్రధానం. పట్టుబట్టే కారణం ఏదీ లేకపోతే నేను పోస్ట్‌గ్రెస్‌తో మొదలుపెట్టమంటాను. లైసెన్స్ ఉచితం, ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేదు, ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌కి ఐదేళ్లు మరమ్మతులు అందుతాయి. మీ సిస్టమ్ పదేళ్లు నడవాలంటే కనీసం రెండు పెద్ద అప్‌గ్రేడ్లు తప్పవు, వాటికి అయ్యే ఖర్చు, సమయం ఇప్పుడే ప్లాన్‌లో రాసేయండి.

ఒరాకిల్ మంచి ఇంజన్, అందులో అనుమానం లేదు. కానీ లెక్క వేసి చూడండి. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ పట్టిక ధర ఒక ప్రాసెసర్ లైసెన్స్‌కి 47,500 డాలర్లు. ఇంటెల్ చిప్‌లకి కోర్ ఫ్యాక్టర్ (ఒక్కో కోర్‌ని ఎన్ని లైసెన్సులుగా లెక్కిస్తారన్నది) 0.5, అంటే 16 కోర్ల సర్వర్‌కి 8 లైసెన్సులు, మొత్తం 3,80,000 డాలర్లు, మన డబ్బులో మూడు కోట్లు దాటుతుంది. దాని మీద ఏటా 22 శాతం సపోర్ట్, అంటే 83,600 డాలర్లు. బేరం ఆడితే తగ్గుతుంది, అది వేరే సంగతి. మన 72 కోట్ల బిల్లుల టేబుల్‌ని నెలలవారీగా పార్టిషన్ చేయాలంటే, అంటే ముక్కలుగా విడగొట్టాలంటే, ఆ ఆప్షన్‌కి విడిగా డబ్బు కట్టాలి. ఇంకొకటి, చాలామంది ఇరుక్కునేది ఇక్కడే: పర్ఫార్మెన్స్ చూడటానికి డీబీఏలు (డేటాబేస్ నిర్వాహకులు) రోజూ తీసే ఏడబ్ల్యూఆర్ రిపోర్ట్ డయాగ్నస్టిక్స్ ప్యాక్ అనే విడి లైసెన్స్ కిందికి వస్తుంది, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో అది డిఫాల్ట్‌గా ఆన్ అయ్యే ఉంటుంది. లైసెన్స్ కొనకుండా వాడితే ఆడిట్ రోజున బిల్లు వస్తుంది. ఒరాకిల్ తీసుకుంటే మొదటి రోజే ఆ పారామీటర్ చూసి, మీరు కొన్నదానికి తగ్గట్టు పెట్టించండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ విషయంలో డెవలపర్ ఎడిషన్ ఉచితం, ఎంటర్‌ప్రైజ్ ఫీచర్లన్నీ అందులో పనిచేస్తాయి, కానీ ప్రొడక్షన్‌లో (అసలు నడిచే సిస్టమ్‌లో) వాడకూడదు. దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, డెవలపర్లు తెలియకుండా ఎంటర్‌ప్రైజ్‌కే పరిమితమైన సదుపాయం మీద కోడ్ రాస్తారు, తీరా లైవ్‌కి వెళ్లేది స్టాండర్డ్ ఎడిషన్. ఎక్కడ నడపబోతున్నారో ఆ ఎడిషన్ పరిమితుల్లోనే టెస్ట్ సర్వర్ పెట్టండి.

మైఎస్‌క్యూఎల్ చదవడం ఎక్కువగా ఉండే వెబ్ పనులకి బాగా నలిగిన ఇంజన్. కానీ దాన్ని ఎంచుకునే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి: టేబుల్‌ని మార్చే కమాండ్ ఇచ్చిన క్షణంలోనే అది కమిట్ (ఖాయం) అయిపోతుంది, ఒరాకిల్‌లో కూడా అంతే. ఐదు మార్పులున్న స్క్రిప్ట్ మూడో దగ్గర విఫలమైతే మొదటి రెండూ అలాగే ఉండిపోతాయి, వెనక్కి తీసే దారి మీరే రాసుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇలాంటి మార్పులు చాలావరకు ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కట్టలో) పెట్టొచ్చు, మూడోది విఫలమైతే మొత్తం వెనక్కి పోతుంది. వారం వారం స్కీమా మారే ప్రాజెక్ట్‌లో ఈ ఒక్క తేడా ఎన్నో రాత్రుల నిద్ర కాపాడుతుంది.

పార్టిషన్ చేయబోతున్నారా, అయితే ఇంకా లోతుకి వెళ్లండి. పోస్ట్‌గ్రెస్‌లో పార్టిషన్ చేసిన టేబుల్ ప్రైమరీ కీలో (ఒక్కో రికార్డునీ విడిగా గుర్తుపట్టేది) పార్టిషన్ కాలమ్ కూడా ఉండాలి, అంటే బిల్లు నంబర్ ఒక్కటే కీగా పెట్టలేరు, నెల కూడా చేరాలి. మైఎస్‌క్యూఎల్‌లో కూడా యూనిక్ కీలకి (ఒకే విలువని రెండుసార్లు రానివ్వనివి) ఇదే నియమం, పైగా దాని డిఫాల్ట్ స్టోరేజ్ పద్ధతి అయిన ఇన్నోడీబీలో పార్టిషన్ చేసిన టేబుల్స్‌కి ఫారిన్ కీలు (ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌ని చూపించే లింకులు) కుదరవు. చెల్లింపుల టేబుల్ బిల్లుల టేబుల్‌ని ఎలా చూపిస్తుంది అన్నది దీని మీదే ఆధారపడుతుంది. ఇది డిజైన్ అంతా అయ్యాక తెలిస్తే సగం టేబుల్స్ తిరగరాయాలి.

మాంగోడీబీ లాంటివి వద్దా అంటే, డాక్యుమెంట్ ఆకారం మారుతూ ఉండే డేటాకి అవి సరిపోతాయి, డబ్బు లెక్కలకి మాత్రం నేను సలహా ఇవ్వను. ఏది తీసుకున్నా లైసెన్స్ చరిత్ర చూడండి. మాంగోడీబీ 2018లో లైసెన్స్ మార్చింది, రెడిస్ అనే ఇంకో డేటాబేస్ 2024 మార్చిలో మార్చింది, దాంతో వాల్కీ అనే వేరు శాఖ పుట్టింది. ఒకే కంపెనీ చేతిలో ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కి, నలుగురు కలిసి నడిపే దానికి తేడా ఇక్కడ తెలుస్తుంది.

మనుషుల సంగతి కూడా మరవకండి. హైదరాబాద్‌లో ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ తెలిసినవాళ్లు ఎప్పటినుంచో దొరుకుతున్నారు, అమీర్‌పేట కోర్సులన్నీ వాటితోనే మొదలయ్యాయి. పోస్ట్‌గ్రెస్ క్వెరీలు రాసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, కానీ అర్ధరాత్రి రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌కి డేటా నకలు వెళ్లడం) తెగితే కట్టగలిగినవాళ్లు వేరు. ఇంటర్వ్యూలో అదే అడగండి.

4. తెలుగు డేటాతో పరీక్ష పెట్టండి

ఈ పని దాదాపు ఎవరూ ముందు చేయరు, లైవ్‌కి వెళ్లాక ఫిర్యాదులు వచ్చినప్పుడు చేస్తారు. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనీ దాచే పద్ధతి) ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు పడుతుంది. "శ్రీ" మనకి ఒక అక్షరం, కంప్యూటర్‌కి నాలుగు కోడ్లు, పన్నెండు బైట్లు. "వెంకటేశ్వరరావు" అంటే 14 కోడ్లు, 42 బైట్లు. ఒరాకిల్‌లో డిఫాల్ట్‌గా కాలమ్ పొడవు బైట్లలో లెక్క, కాబట్టి 40 పొడవు పెట్టిన పేరు కాలమ్‌లో, ఇంటిపేరు మాట దేవుడెరుగు, ఈ పేరే పట్టదు. పొడవుని క్యారెక్టర్లలో లెక్కించమని అక్కడ విడిగా చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో పొడవు క్యారెక్టర్లలోనే లెక్క. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌చార్ కాలమ్‌లో తెలుగు పెడితే ప్రశ్నార్థకాలు మిగులుతాయి, ఎన్‌వార్‌చార్ వాడాలి, క్వెరీలో నేరుగా రాసే తెలుగు మాట ముందు ఎన్ అక్షరం పెట్టాలి, లేదా 2019 వెర్షన్ నుంచి వచ్చిన యూటీఎఫ్-8 కొలేషన్ (అక్షరాల వరస, పోలిక నియమాలు) తీసుకోవాలి. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8ఎంబీ4 తప్ప ఇంకోటి వద్దు, పాత యూటీఎఫ్8 మూడు బైట్ల దగ్గర ఆగిపోతుంది, తెలుగు పడుతుంది కానీ ఎవరైనా ఫిర్యాదులో ఒక ఎమోజీ పెడితే రికార్డు ఎక్కదు.

వెతకడం ఇంకా ముఖ్యం. "రాజ్‌కుమార్" అని మధ్యలో కనిపించని నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) పెట్టి ఒక ఆపరేటర్ ఎక్కిస్తాడు, అది లేకుండా "రాజ్కుమార్" అని ఇంకొకరు వెతుకుతారు, దొరకకపోవచ్చు. ఐత్వం గుర్తు ఒకే కోడ్‌గానూ రావచ్చు, రెండు కోడ్లుగా విడిపోయీ రావచ్చు, తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ ఫంక్షన్ ఉంది, విడిపోయిన ఐత్వాన్ని అది కలుపుతుంది, నాన్-జాయినర్‌ని మాత్రం తీయదు, అది మీరే తీసి వెతుకుడు కోసం ఇంకో కాలమ్‌లో ఉంచుకోవాలి. ఇలాంటి పేర్లు రెండు వందలు తయారు చేసి, పోటీలో ఉన్న రెండు ఇంజన్లలోనూ ఎక్కించి, వరస పెట్టి, వెతికి చూడండి. "క", "క్" రెండూ ఒకటే అనుకుని యూనిక్ కీ గొడవ చేస్తుందేమో కూడా చూడండి.

వరసకి సంబంధించి ఇంకో జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్ లినక్స్ లైబ్రరీ ఇచ్చే వరస మీద ఆధారపడితే, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్‌లో ఆ వరస మారి ఇండెక్సులు (వేగంగా వెతకడానికి కట్టే సూచికలు) చెడిపోవచ్చు. 2018లో వచ్చిన జీలిబ్‌సీ (ఆ లైబ్రరీ పేరు) 2.28తో చాలామందికి ఇలాగే అయింది. ఐసీయూ అనే విడి లైబ్రరీ కొలేషన్ తీసుకుంటే వెర్షన్ మీద మీకు పట్టు ఉంటుంది. ఏది తీసుకున్నా ఓఎస్ అప్‌గ్రేడ్ ప్లాన్‌లో రీఇండెక్స్ (ఇండెక్సుల్ని మళ్లీ కట్టడం) అనే గీత రాసుకోండి.

5. అసలు సైజు డేటాతో రెండు వారాల ట్రయల్

డెమో డేటా వద్దు. 72 కోట్ల రికార్డులు పుట్టించండి, పోస్ట్‌గ్రెస్‌లో జనరేట్ సిరీస్ లాంటి ఫంక్షన్‌తో ఇది కష్టం కాదు. నిజమైన ప్రొడక్షన్ డేటా కాపీ తెచ్చుకోవాలని ఆశ పుడుతుంది, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు అందులో ఉంటే ముందు మాస్క్ చేయాల్సిందే, డెవలపర్ ల్యాప్‌టాప్‌లోకి అవి రాకూడదు. పుట్టించేటప్పుడు డేటా సమానంగా పంచకండి. నిజంలో కొన్ని సెక్షన్లలో సర్వీసులు చాలా ఎక్కువ, కొన్నిటిలో చాలా తక్కువ ఉంటాయి, ఆ హెచ్చుతగ్గులే క్వెరీ ప్లానర్‌ని (క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగాన్ని) తప్పు దారి పట్టిస్తాయి.

తర్వాత మీ సిస్టమ్‌లో అన్నిటికన్నా బరువైన పది పనులు ఎంచి నడపండి. ఒక సర్వీసు గత రెండేళ్ల బిల్లులు, ఒక డివిజన్ బకాయిల జాబితా, నెల మొత్తం డిమాండ్ రిపోర్ట్, సబ్సిడీ తిరిగి లెక్కించడం, ఇలా. ఒక్కోటి విడిగా కాదు, అన్నీ ఒకేసారి, వెనక బిల్లులు ఎక్కుతూ ఉండగా నడపాలి. రెడీమేడ్‌గా లోడ్ పెట్టడానికి పీజీబెంచ్, సిస్‌బెంచ్, హ్యామర్‌డీబీ ఉన్నాయి, సర్వర్ ఎంత మోస్తుందో వాటితో తెలుస్తుంది, కానీ మీ పది క్వెరీల జవాబు వాటిలో దొరకదు. సగటు సమయం చూసి సంతోషపడకండి, నెమ్మదిగా వచ్చిన చివరి ఒక్క శాతం ఎంతసేపు పట్టిందో చూడండి, కౌంటర్ దగ్గర క్యూ కట్టేది ఆ ఒక్క శాతం వల్లే.

కనెక్షన్లు కూడా పరీక్షించండి. పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కి ఒక ప్రాసెస్ తెరుస్తుంది, వేల స్పాట్ మెషీన్లు నేరుగా తగులుకుంటే మెమరీ అయిపోతుంది, మధ్యలో పీజీబౌన్సర్ లాంటి పూలర్ (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచేది) కావాలి. అది కూడా మీరు ఎంచుకోవాల్సిన సాఫ్ట్‌వేరే.

ఇక అసలు పరీక్ష. ఈ లోడ్ అంతా నడుస్తుండగా బిల్లుల టేబుల్‌కి ఒక కాలమ్ చేర్చండి, ఒక ఇండెక్స్ కట్టండి, ఒక కాలమ్ రకం మార్చండి. పోస్ట్‌గ్రెస్‌లో 11వ వెర్షన్ నుంచి స్థిరమైన డిఫాల్ట్ ఉన్న కాలమ్ చేర్చడం క్షణాల పని, టేబుల్ మొత్తం తిరగరాయదు. మైఎస్‌క్యూఎల్‌లో 8.0.12 నుంచి ఇన్‌స్టంట్ పద్ధతి ఉంది. కానీ క్షణాల పని అన్న మాటలో ఒక ఉచ్చు ఉంది. ఆ కమాండ్‌కి పూర్తి తాళం కావాలి. ముందే ఒక పెద్ద రిపోర్ట్ ఆ టేబుల్‌ని చదువుతూ ఉంటే మీ ఆల్టర్ (టేబుల్‌ని మార్చే) కమాండ్ దాని వెనక ఆగుతుంది, ఆ ఆల్టర్ వెనక ఆ తర్వాత వచ్చే ప్రతి క్వెరీ ఆగుతుంది, మామూలు సెలెక్ట్ (చదివే క్వెరీ) కూడా. రిపోర్ట్ పది నిమిషాలు నడిస్తే పది నిమిషాలు బిల్లింగ్ మొత్తం నిలిచిపోతుంది. లాక్ టైమౌట్ రెండు మూడు సెకన్లు పెట్టి, దొరక్కపోతే వదిలేసి మళ్లీ ప్రయత్నించేలా స్క్రిప్ట్ రాయాలి. ఇండెక్స్ అయితే కంకరెంట్లీ అనే మాట చేర్చి కట్టాలి, అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు, పార్టిషన్ చేసిన పెద్ద టేబుల్ మీద నేరుగా కూడా నడవదు, ఒక్కో పార్టిషన్ మీద కట్టి జోడించాలి. ఇవన్నీ ట్రయల్‌లోనే ఎదురవ్వాలి.

6. స్కీమా మార్పుల టూల్

ఫ్లైవే, లిక్విబేస్, ఈ రెండు పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. జాంగో లాంటి ఫ్రేమ్‌వర్క్ వాడితే దాని సొంత మైగ్రేషన్లు (స్కీమా మార్పుల ఫైళ్లు) ఉంటాయి, పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వాడితే అలెంబిక్ ఉంది. ఒకే డేటాబేస్‌ని జావా సర్వీసు, పైథాన్ సర్వీసు రెండూ వాడే పెద్ద ప్రాజెక్ట్‌లో ఫ్రేమ్‌వర్క్‌కి అంటిపెట్టుకున్న టూల్ తీసుకోకండి, ఎవరి మైగ్రేషన్ ముందు నడవాలో తేలక తగాదా వస్తుంది.

ఫ్లైవే సరళం. నంబర్ వేసిన ఎస్‌క్యూఎల్ ఫైళ్లు, వరసగా నడుపుతుంది, ఏవి నడిచాయో ఒక టేబుల్‌లో రాసుకుంటుంది, నడిచిపోయిన ఫైల్‌ని ఎవరైనా తర్వాత దిద్దితే చెక్‌సమ్ (ఫైల్ నుంచి లెక్కించిన గుర్తు) తేడా పట్టుకుని ఆగిపోతుంది. అలా ఆగడం మంచిదే, దాన్ని దాటేసే కమాండ్ అందరికీ ఇవ్వకండి. నలభై మంది ఉన్న టీమ్‌లో ఇద్దరు ఒకే రోజు 57 నంబర్ వేస్తారు, కాబట్టి వరస నంబర్ల బదులు తేదీ, సమయం పెట్టండి. వెనక్కి తీసే అన్‌డూ సదుపాయం డబ్బు కట్టే ఎడిషన్లలోనే ఉంటుంది. లిక్విబేస్‌లో మార్పుని ఎక్స్‌ఎంఎల్‌లో గానీ, యామెల్‌లో గానీ, నేరుగా ఎస్‌క్యూఎల్‌లో గానీ రాయొచ్చు, రోల్‌బ్యాక్ (వెనక్కి తీసే దారి) కూడా పక్కనే రాసుకోవచ్చు. అది నడుస్తుండగా సర్వర్ పడిపోతే తాళం టేబుల్‌లో తాళం అలాగే ఉండిపోతుంది, తర్వాతి డిప్లాయ్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆ తాళం ఎలా విడిపించాలో టీమ్‌లో కనీసం ముగ్గురికి తెలిసి ఉండాలి.

నా మట్టుకు, మార్పుల్ని మామూలు ఎస్‌క్యూఎల్‌లోనే రాసే పద్ధతి మేలు. రివ్యూ చేసే డీబీఏకి డేటాబేస్‌లో ఏం నడవబోతోందో అక్షరం అక్షరం కనిపించాలి. రోల్‌బ్యాక్ బటన్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు: తీసేసిన కాలమ్‌ని రోల్‌బ్యాక్ మళ్లీ పుట్టిస్తుంది కానీ అందులోని డేటా రాదు. కాలమ్ పేరు మార్చాలంటే కొత్త కాలమ్ చేర్చండి, కొన్ని రోజులు రెండిట్లోనూ రాయండి, పాత డేటాని చిన్న చిన్న ముక్కలుగా కాపీ చేయండి, కోడ్ అంతా కొత్తదానికి మారాక పాతది తీయండి. ఒక రిలీజ్‌లో అయ్యేదాన్ని మూడు రిలీజుల్లో చేయాల్సి వస్తుంది, చేయండి. ఈ మూడు అడుగుల్ని మీరు ఎంచుకున్న టూల్ ఎలా మోస్తుందో ట్రయల్‌లో చేసి చూపించమని టీమ్‌ని అడగండి.

ప్రతి మైగ్రేషన్ సీఐలో (కోడ్ మారినప్పుడల్లా వాటంతటవే నడిచే పరీక్షల్లో) అసలు ఇంజన్ మీదే నడవాలి. తేలికగా ఉందని హెచ్‌2 లాంటి ఇంకో డేటాబేస్ మీద టెస్టులు నడిపితే పాస్ అయిన ప్రతి టెస్టూ అబద్ధం చెబుతున్నట్టే. టెస్ట్‌కంటైనర్స్‌తో అదే వెర్షన్ పోస్ట్‌గ్రెస్‌ని నిమిషంలో లేపొచ్చు. స్టోర్డ్ ప్రొసీజర్లలో (డేటాబేస్ లోపలే నడిచే కోడ్) బిల్లు లెక్కలు పెడుతుంటే వాటికీ యూనిట్ టెస్టులు కావాలి: పోస్ట్‌గ్రెస్‌కి పీజీట్యాప్, ఒరాకిల్‌కి యూటీపీఎల్‌ఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి టీఎస్‌క్యూఎల్‌టీ ఉన్నాయి.

7. బ్యాకప్: రీస్టోర్ చేసి చూపించేదాకా నమ్మొద్దు

2017 జనవరి 31న కోడ్ దాచుకునే సర్వీసు గిట్‌ల్యాబ్‌లో జరిగింది ప్రతి టీమ్ చదవాలి, వాళ్లే దాచకుండా రాశారు. రెప్లికేషన్ సరిచేస్తూ ఒక ఇంజనీర్ పొరపాటున అసలు సర్వర్‌లోని డేటా ఫోల్డర్ తీసేశాడు, దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్‌లు చాలా రకాలు ఉన్నాయి, కానీ రోజూ నడవాల్సిన పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ టూల్) కొన్నాళ్లుగా విఫలమవుతోంది, ఎందుకంటే డేటాబేస్ వెర్షన్ 9.6, డంప్ టూల్ వెర్షన్ 9.2. విఫలమైందని చెప్పే మెయిల్స్ కూడా ఎవరికీ చేరలేదు. స్టేజింగ్ (పరీక్షల సర్వర్) కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

కాబట్టి టూల్ ఎంచుకునేటప్పుడు బ్యాకప్ ఎంత వేగంగా తీస్తుంది అన్నది రెండో ప్రశ్న. రోజూ దానంతట అదే రీస్టోర్ చేసి, రికార్డులు లెక్కపెట్టి, తేడా వస్తే అరిచేలా కట్టగలమా అన్నది మొదటి ప్రశ్న. పోస్ట్‌గ్రెస్‌కి పీజీబ్యాక్‌రెస్ట్, బార్మన్, వాల్-జీ, మైఎస్‌క్యూఎల్‌కి పెర్కోనా ఎక్స్‌ట్రాబ్యాకప్, ఒరాకిల్‌కి ఆర్‌మ్యాన్. "నిన్న మధ్యాహ్నం 2:40కి ఎలా ఉందో అలా కావాలి" అంటే తేగలగాలి, తప్పు అప్‌డేట్ నడిపినప్పుడు కావాల్సింది అదే. ట్రయల్‌లో పూర్తి సైజు డేటాని రీస్టోర్ చేసి గడియారం చూసి సమయం రాయండి, మొదటి పేజీలో రాసుకున్న నిమిషాలతో పోల్చండి.

స్టాండ్‌బై సర్వర్ (అసలుది పడితే పని అందుకునేది) ఉంది కదా అని ఆగకండి. 2018 అక్టోబర్‌లో గిట్‌హబ్‌లో నెట్‌వర్క్ తెగింది 43 సెకన్లే, మైఎస్‌క్యూఎల్ ఫెయిలోవర్ (పని ఇంకో సర్వర్‌కి మారడం) వల్ల రెండు చోట్లా వేర్వేరు రాతలు మిగిలి, సర్వీసు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటలు దాటింది. ట్రయల్‌లో మీరే కావాలని నెట్‌వర్క్ తెంపి చూడండి.

8. రోజూ వాడే టూల్స్

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. డీబీవర్ కమ్యూనిటీ ఉచితం, పైన చెప్పిన నాలుగు రిలేషనల్ ఇంజన్లకీ తగులుకుంటుంది, పెద్ద టీమ్‌కి అది చాలు. డబ్బు పెట్టగలిగితే డేటాగ్రిప్‌లో కోడ్ సూచనలు బాగుంటాయి. ఒరాకిల్‌కి ఎస్‌క్యూఎల్ డెవలపర్ ఉచితమే, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌ఎంఎస్ ఉంది కానీ అది విండోస్ మీదే నడుస్తుంది. డిజైన్ బొమ్మలకి పీజీమోడలర్, ఒరాకిల్ డేటా మోడలర్, పెద్ద సంస్థలైతే ఎర్విన్. బొమ్మ నుంచి టేబుల్స్ పుట్టించడం మొదటి రోజుతో ఆపేయండి, ఆ తర్వాత మార్పు మైగ్రేషన్ ఫైల్‌లోనే జరగాలి, బొమ్మ దాన్ని చూసి మారాలి.

ఏ టూల్ అయినా మూడు సెట్టింగులు తప్పనిసరి: ప్రొడక్షన్ కనెక్షన్‌కి ఎర్ర రంగు, ఆటో కమిట్ ఆఫ్, చదవడానికి మాత్రమే హక్కున్న యూజర్. మూడోది టూల్‌లో కాకుండా డేటాబేస్‌లోనే పెట్టండి.

9. రాసి సంతకం పెట్టించండి

ట్రయల్ అయ్యాక రెండు పేజీల నోట్ చాలు. ఏది ఎంచుకున్నారు, ఏది వదిలారు, ఎందుకు, పది క్వెరీల సమయాలు, ఆల్టర్ నడిపినప్పుడు ఎంతసేపు ఆగింది, రీస్టోర్‌కి ఎంత పట్టింది, మూడేళ్ల ఖర్చు స్టాండ్‌బై, టెస్ట్ సర్వర్ల లైసెన్సులతో కలిపి. ఏ పరిస్థితి వస్తే ఈ నిర్ణయాన్ని మళ్లీ తెరవాలో కూడా రాయండి, ఉదాహరణకి సర్వీసులు కోటి దాటితే, లేదా వెండర్ లైసెన్స్ మారిస్తే. డీబీఏ, డెవలప్‌మెంట్ లీడ్, రాత్రి సపోర్ట్ చూసే టీమ్ నుంచి ఒకరు, ముగ్గురూ చదివి ఒప్పుకోవాలి. మూడో వ్యక్తిని చాలాచోట్ల అడగరు, మీరు అడగండి, నెమ్మదిగా ఉన్న రీస్టోర్ ముందు తెల్లవారుజాము దాకా కూర్చునేది ఆయనే.

ట్రయల్‌కి రాసిన స్క్రిప్టులన్నీ, అంటే డేటా పుట్టించినవి, పది క్వెరీలు, తెలుగు పేర్ల ఫైల్, రీస్టోర్ పరీక్ష, గిట్‌లో పెట్టేయండి. తర్వాతి పెద్ద వెర్షన్ అప్‌గ్రేడ్ ముందు వాటినే మళ్లీ నడపాలి.